వార్తల్లో పదం: తుపాకీ బీమా

ఇంట్లోని తుపాకీ కాలిపోయినా, దొంగల పాలైనా పరిహారం ఇచ్చేది తుపాకీ బీమా. అమెరికాలో బీరువాల కొద్దీ తుపాకులు పేర్చుకునేవాళ్లకు ఇది మామూలే. మన దగ్గర 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు రెండుకు మించి ఉంచుకోకూడదు. కలకడ, పుంగనూరు వైపు చేలల్లో అడవిపందుల బెడద తెలిసిందే. మందు కూరి పేల్చే తుపాకీకి పంట రక్షణ కోసం లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఇంటికీ సామాన్లకూ వర్తిస్తుంది. అగ్నిప్రమాదం సరే, చిక్కంతా దొంగతనం దగ్గరే. నిప్పో వరదో వచ్చిన 7 రోజుల్లోపు సామాను పోతేనే ఆ పాలసీ ఆదుకుంటుంది. మామూలు రోజు తాళం పగలగొట్టి ఎత్తుకెళితే? దానికి బర్గ్లరీ పాలసీ విడిగా ఉండాలి. పేలుడు పదార్థాలకైతే ప్రత్యేకంగా రాయించుకోనిదే పైసా రాదు. అటక మీది తుపాకీ మందు డబ్బా సంగతీ అంతే.

తుపాకీ పోతే ముందు చెప్పాల్సింది ఏజెంటుకు కాదు, పోలీసులకు. లైసెన్సు లేని నాటు తుపాకీకి క్లెయిమ్ అడగడమంటే తన మీద తానే కేసు పెట్టించుకోవడం. లైసెన్సు ఉన్నవారు తుపాకీ నంబరు, విలువ పాలసీలో రాయించుకోండి.