రెండు వారాలు దాటిన కామెర్లు – పసికందు కాలేయానికి ముప్పు
పసరు కోసం తిరిగితే దాటిపోయేది చికిత్స గడువే

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. పచ్చబడింది పసిబిడ్డ అయితే తన బాధ చెప్పుకునే నోరు ఆ బిడ్డకు లేదు. పెద్దవాళ్లే కనిపెట్టాలి. చూడవలసింది కళ్లు, ఒళ్లు మాత్రమే కాదు. తడిసిన గుడ్డ రంగు, విరోచనం రంగు కూడా చూడాలి. పుట్టి 14 రోజులు దాటినా పచ్చదనం పోకుండా, విరోచనం సున్నంలా తెల్లగా వస్తూంటే ఆ బిడ్డ కాలేయం ప్రమాదంలో ఉన్నట్టే లెక్క. అటువంటి బిడ్డకు ఒక్కొక్క రోజూ విలువైనదే.

మామూలు కామెర్లు

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా రెండో రోజో, మూడో రోజో కాస్త పచ్చబడతారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. ఇందులో భయపడవలసింది తక్కువ. బిడ్డ ఒంట్లో పాత ఎర్ర రక్తకణాలు విరిగిపోతూంటే వాటి నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. దాన్ని శుద్ధిచేసి, పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపడం కాలేయం పని. కొత్తగా పుట్టిన బిడ్డ కాలేయం ఆ పనిని వెంటనే అందుకోలేదు. అందుకే నాలుగు రోజులు పచ్చదనం. వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఈ రోజుల్లో తల్లిపాలు మానిపించకూడదు. తరచు పాలు తాగే బిడ్డకు విరోచనం బాగా అయి, దానితోపాటే పసుపు బయటికి పోతుంది.

అయితే పుట్టిన 24 గంటలలోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్లు కూడా పసుపుపచ్చగా మారినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడివున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాలి. బిలిరుబిన్ మితిమీరితే మెదడు దెబ్బతింటుంది. ఆస్పత్రిలో నీలికాంతి దీపాల కింద పడుకోబెట్టి దాన్ని తగ్గిస్తారు. గుమ్మం ముందు ఎండలో పడుకోబెట్టడం దీనికి బదులు కాదు.

గుడ్డ చెప్పే గుట్టు

రెండో రకం కామెర్లు వేరు. ఇందులో కాలేయం పసుపును శుద్ధి చేసినా బయటికి పంపలేదు. పేగుల్లోకి పోవలసిన పైత్యం రక్తంలోకి మళ్లి, మూత్రంలోకి దిగుతుంది. పసిబిడ్డ మూత్రం నీళ్లలా ఉండాలి. అది ముదురు పసుపుగా వచ్చి గుడ్డకు మరక అంటుకుంటే అనుమానించాలి. విరోచనానికి పసుపు రంగు ఇచ్చేదీ పైత్యమే. అది పేగుల్లోకి చేరకపోతే విరోచనం తెల్లగానో, బూడిదరంగుగానో, మైదాపిండి ముద్దలాగానో వస్తుంది.

ఇక్కడే చాలా కుటుంబాలు మోసపోతాయి. ఈ బిడ్డ మొదట్లో పాలు బాగానే తాగుతుంది, ఒళ్లు చేస్తుంది, నవ్వుతుంది. 'బిడ్డ బాగానే ఉందిగా, పచ్చదనం అదే పోతుందిలే' అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. కేవలం తల్లిపాలు తాగే కొందరు పిల్లల్లో రెండు వారాల తరువాత కూడా కాస్త పచ్చదనం నిలిచి, ఏ హానీ చేయకుండా పోయేమాట నిజమే. కాని ఏది హానిలేనిదో, ఏది హానికరమో కంటితో తేల్చలేము. ఒక్క రక్తపరీక్ష తేలుస్తుంది. అందులో బిలిరుబిన్ మొత్తం ఎంతో, శుద్ధి అయిన భాగం ఎంతో విడివిడిగా చూస్తారు.

కడుపులోనే సోకే వైరస్‌లు

కాలేయం ఇలా దెబ్బతినడానికి వైరస్‌లు ఒక కారణం. గర్భిణికి సోకిన సైటోమెగలో వైరస్ మాయ ద్వారా బిడ్డకు చేరవచ్చు. తల్లికి అది వచ్చిన సంగతే తెలియకపోవచ్చు. గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ కళ్లు, చెవులు, గుండెతోపాటు కాలేయమూ దెబ్బతినవచ్చు. రుబెల్లాకు టీకా ఉంది. తట్టు టీకాతో కలిపి పిల్లలకు 9 నెలలు నిండాక ఒకసారి, 16–24 నెలల మధ్య మరొకసారి వేస్తారు. ఈనాటి ఆడపిల్లకు వేసిన టీకా రేపు ఆమె కనబోయే బిడ్డకు రక్ష అన్నమాట.

కలుషితమైన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ 'ఇ' మామూలు మనిషికి కొద్ది వారాల్లో తగ్గుతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి మాత్రం ప్రాణాంతకం కావచ్చు. బిడ్డకూ ముప్పే. ఇంట్లో గర్భిణి ఉంటే, ముఖ్యంగా వానలు, వరదల రోజుల్లో, కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వాలి.

అరవై రోజుల గడువు

మరికొందరు పిల్లల్లో కాలేయం నుంచి పేగులకు పైత్యం తెచ్చే నాళాలే మూసుకుపోతాయి. వైద్యులు దీన్ని బిలియరీ అట్రీషియా అంటారు. దీని వెనకా వైరస్ ఉందేమోనన్న అనుమానం ఉన్నా అసలు కారణం ఇంకా తేలలేదు. ఇది మందులతో తగ్గదు. జపాన్‌లోని సెండాయ్ నగరంలో మోరియో కసాయ్ అనే సర్జన్ 1955లో దీనికి ఆపరేషన్ కనిపెట్టాడు. మూసుకుపోయిన నాళాలను తీసివేసి, బిడ్డ పేగునే పైకి తెచ్చి కాలేయానికి కలుపుతారు. నేటికీ మొదట చేసేది ఆ ఆపరేషనే.

బిడ్డకు 60 రోజులు నిండకముందే చేస్తే ఫలితం ఎక్కువ. ఆలస్యమైనకొద్దీ కాలేయం గట్టిపడుతుంది, పొట్ట ఉబ్బుతుంది. తరువాత మిగిలేది కాలేయ మార్పిడి ఒక్కటే. తైవాన్‌లో 2004 నుంచి, జపాన్‌లో 2012 నుంచి తల్లులకిచ్చే ఆరోగ్య పుస్తకంలోనే విరోచనం రంగుల బొమ్మలు అచ్చువేసి ఇస్తున్నారు. బొమ్మతో పోల్చి చూసిన తల్లులే జబ్బును ముందుగా పట్టగలుగుతున్నారు. తైవాన్‌లో గడువులోగా ఆపరేషన్ జరిగే పిల్లల సంఖ్య దానితో పెరిగింది.

పచ్చబడకుండా పొంచివుండేది

హెపటైటిస్ 'బి' దారి వేరు. తల్లి రక్తంలో ఉన్న ఈ వైరస్ ముఖ్యంగా కాన్పు సమయంలో బిడ్డకు సోకుతుంది. బిడ్డ సాధారణంగా పచ్చబడదు. ఏ జబ్బూ కనబడదు. కాని పుట్టుకలో ఇది సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. పెద్దయ్యాక సోకినవారిలో నూటికి 5 మందికి కూడా అలా నిలవదు. ఏళ్ల తరువాత, సంసారం నెత్తిన పడ్డ వయసులో, కాలేయం గట్టిపడటమో, క్యాన్సరో బయటపడుతుంది.

దీనికి విరుగుడు పుట్టిన 24 గంటలలోపు తొడకు వేసే ఒక టీకా. తరువాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో కూడా ఇదే మందు ఉంటుంది. తల్లికి వైరస్ ఉన్నట్టు ముందే తెలిస్తే బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అందుకే గర్భిణికి ఈ రక్తపరీక్ష తప్పనిసరి. టీకా పడిన బిడ్డకు ఆ తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు.

ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, సామాన్యుడికి అందేది కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాదరెడ్డి హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తయారుచేసి తక్కువ ధరకు అందించింది. ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఇంట్లో కాన్పు జరిగినా మర్నాటికి వాయిదా వేయకుండా బిడ్డకు ఈ టీకా వేయించాలి.

పసరుకు పేరు ఎలా వచ్చింది?

కామెర్లనగానే చెవిలో, కంట్లో పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం పల్లెల్లో పాత అలవాటు. పసిపిల్లల కామెర్లలో ఎక్కువ భాగం దానంతటవే పోయేవి. పోయినప్పుడు పేరు పసరుకు వస్తుంది. పోనివాటికి మాత్రం ఆ తిరుగుళ్లలో నెల, రెండు నెలలు గడిచిపోయి ఆపరేషన్ గడువు దాటిపోతుంది. పైగా వాతలతో పుండు, కంట్లో పసరుతో చూపుకు హాని.

తల్లులు గుర్తుంచుకోవలసింది

ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. పధ్నాలుగో రోజున బిడ్డను పగటి వెలుతురులోకి తెచ్చి, ఒంటి రంగు, గుడ్డ, విరోచనం ఆమెకు చూపించాలి. పచ్చదనం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాని, జిల్లా ఆస్పత్రిలో కాని రక్తపరీక్ష చేయించాలి. విరోచనం తెల్లగా ఉంటే పధ్నాలుగో రోజు దాకా కూడా ఆగరాదు. బొడ్డు నుంచి, ముక్కు నుంచి రక్తం వచ్చినా, ఒంటిమీద కమిలిన మచ్చలు కనబడినా అది అత్యవసరం. పైత్యం అందక 'కె' విటమిన్ తగ్గిందనడానికి అది గుర్తు కావచ్చు.

ఆపరేషన్ అవసరమైతే పిల్లల సర్జన్లున్న పెద్దాస్పత్రికి పోక తప్పదు. హైదరాబాదులో నీలోఫర్, చెన్నైలో ఎగ్మూరు పిల్లల ఆస్పత్రి ప్రభుత్వానివే. పురిటి నెల వెళ్లాలనో, మంచిరోజు రావాలనో ప్రయాణం ఆపితే, ఆ వారం రోజులను ఏ డాక్టరూ తిరిగి తెచ్చి ఇవ్వలేడు.