ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

ఈమధ్య బేతంచెర్ల దగ్గర ఓ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కి వెళ్లాను. యజమానురాలు నాకు వరసకు అక్క. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో ఏవో వివరాలు మార్చాలంటే ల్యాప్‌టాప్ తెరిచి, ఆధార్ నంబర్ కొట్టి, "ఓటీపీ చెప్పక్కా" అన్నాను.

"నాకు రాదు తమ్ముడూ, మీ బావ ఫోన్‌కి వస్తాది" అంది.

బావ ఊళ్లో లేడు, ఫోన్ ఎత్తలేదు. పని అక్కడే ఆగిపోయింది. బోర్డు మీద ప్రొప్రైటర్‌గా ఉన్నది ఆమె పేరు. మిషన్ శబ్దం విని బ్లేడు అరిగిందో లేదో చెప్పేదీ ఆమే. కానీ సొంత యూనిట్ కాగితంలో ఒక్క అక్షరం మార్చాలన్నా ఆయన రావాలి.

'మగవాళ్ల రంగం' అనగానే అందులో ఆడవాళ్లు లేరనుకుంటాం. మన సీమలో అది నిజం కాదు. కడప రాయి పనిలో, ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాళ్ల పనిలో, వేరుశనగ చేలల్లో ఆడవాళ్ల చెమట ఎప్పటినుంచో ఉంది. లేనిదల్లా ధర మాట్లాడే చోట, చెక్కు రాసే చోట.

ఇప్పుడు మహిళ పేరుకు విలువ పెరిగింది. పీఎంఈజీపీ కింద యూనిట్ పెడితే మహిళ తన వాటాగా 5 శాతం తెచ్చుకుంటే చాలు. సబ్సిడీ పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 3 శాతం మహిళల చిన్న పరిశ్రమల నుంచే తీసుకోవాలని 2018లో నిబంధన వచ్చింది. మంచిదే. కానీ ఇదే చాలామంది ఇళ్లలో కాగితం ఆమె పేరు మీదికి, పెత్తనం ఆయన చేతిలోకి వెళ్లడానికీ కారణమవుతోంది. అప్పు కట్టకపోతే బ్యాంకు నోటీసు ఎవరి పేరున వస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

పేరుతోపాటు పెత్తనమూ దక్కించుకున్న ఆడవాళ్లు మనకు కొత్తేం కాదు. కర్నూలు పక్కనే ఉన్న ఓర్వకల్లు చూడండి. 1990లలో అక్కడి మహిళలు కొద్దికొద్దిగా పొదుపు చేస్తూ సంఘాలయ్యారు. యూఎన్‌డీపీ సాయంతో నడిచిన సాప్ కార్యక్రమం వాళ్లకు తోడైంది. విజయభారతి లాంటి నాయకురాళ్లు అక్కడినుంచే ఎదిగారు. ఆ సంఘాల్లో అసలు బలం డబ్బు కాదు, పుస్తకం. మీటింగ్‌లో అందరి ముందూ లెక్క చదవాలి, తీర్మానం రాయాలి, సంతకాలు పెట్టాలి. అప్పు ఎవరికి ఇవ్వాలో తేల్చేది వాళ్లే.

అదే ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం మొదలైంది. డ్రోన్ హబ్‌కూ రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రాంతాన్నే ఎంచుకుంది. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మన చేలల్లో కలుపు తీసేది ఆడవాళ్లు, మందు కొట్టేది మగవాళ్లు. 2023లో ఆమోదం పొందిన 'నమో డ్రోన్ దీదీ' పథకం ఆ రెండో పనిని మహిళా సంఘాల చేతికి ఇస్తోంది. లక్ష్యం 15,000 సంఘాలు. డ్రోన్ ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సాయం. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ ఇస్తారు. కుటుంబంలో రిపేర్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆమెకు అసిస్టెంట్‌గా శిక్షణ తీసుకోవచ్చు. అంటే ఆమె పైలట్, ఆయన అసిస్టెంట్!

సంఘంలో లేకపోయినా దారి ఉంది. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే డీజీసీఏ గుర్తింపు ఉన్న కేంద్రంలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఈ కాగితంలో నాకు నచ్చేది ఒకటే. యూనిట్‌ను ఒకరి పేరున పెట్టి ఇంకొకరు నడిపించొచ్చు. దీన్ని మాత్రం ఎవరు నేర్చుకుంటే వాళ్లే వాడుకోవాలి.

కాగితం కూడా మారుతుంది, మనం వెళ్లి నిలబడితే. 1943లో తెలుగింటి అమ్మాయి అయ్యలసోమయాజుల లలిత మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. అప్పటికే భర్తను కోల్పోయారు, ఓ చిన్న కూతురూ ఉంది. పట్టా మీద 'అతను' అని ముందే అచ్చయి ఉంటే, కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చిందట.

మీరో, మీ అక్కో, అమ్మో యూనిట్ పెట్టబోతుంటే ముందు నాలుగు పనులు చేయండి. ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు ఆమె నంబరే జత చేయించండి. ఖాళీ చెక్కుల మీద సంతకం వద్దు. మెషిన్ కొటేషన్ నుంచి సరుకు ధర దాకా బేరం ఆమే మాట్లాడాలి. రోజువారీ లెక్క ఆమె చేతిరాతలో ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

అక్క మర్నాడు ఆధార్ సెంటర్‌కి వెళ్లి తన నంబర్ ఇచ్చొచ్చింది. అది అప్‌డేట్ అయ్యాక మళ్లీ కూర్చున్నాం. ఫోన్ టింగుమంది. కళ్లజోడు సర్దుకుని ఆరు అంకెలూ తనే చదివింది, ఒక్కొక్కటీ గట్టిగా.