కొండపై తొలి రాత్రి

విడిది గృహమో, కాపలాయో లేని కొండలపై స్వంత గుడారంలో రాత్రి గడపటం స్కాట్లండులో చాలాచోట్ల చట్టసమ్మతమైన హక్కు. 2003 నాటి భూసంస్కరణ చట్టం దానిని కల్పించింది. బాధ్యతతో మెలగినంతవరకే అది చెల్లుతుంది. మన దేశంలో స్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాలలో సందర్శకులకు అనుమతి లేనిదే ప్రవేశమే లేదు.

అనుమతి లభించిన పిమ్మట, తొలిసారి వెళ్ళే మనకు అసలు పరీక్ష చోటును ఎన్నుకోవటమే. వాగు ఒడ్డున పచ్చిక కంటికి ఇంపుగానే ఉంటుంది. కాని రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి, నీటివలె వాలువెంట జారి లోయ అడుగున నిలుస్తుంది. పైగా ఎగువన ఎక్కడో వాన కురిస్తే, మన తలపై చుక్క పడకుండానే వాగు పొంగవచ్చు. శిఖరాగ్రమా, అక్కడ ఈదురుగాలికి గుడారమే నిలువదు. కనుక లోయకు కొంత పైన, గాలిచాటున ఉన్న పొడినేల మేలు. దానిని ప్రొద్దుండగానే వెదకుకోవలె.

చలి అనగానే మనకు దుప్పట్లే గుర్తుకు వస్తాయి. నేల సంగతి మరచిపోతాము! మన బరువుకు అడుగు బొంతలోని దూది అణగి, వేడిని నిలిపే గాలి దానినుండి తొలగిపోతుంది. అప్పుడు దేహంలోని వేడిని నేల లాగుకొంటుంది. ఒక దుప్పటి తగ్గించియైనా క్రింద మందపాటి పరుపు వేసుకోవటం మంచిది.

తెల్లవారి గుడారం లోపలి తడి చూచి చిల్లుపడినదని కలవరపడనక్కరలేదు. అది మన ఊపిరిలోని తేమయే. గాలి ఆడేందుకు కొంత సందు ఉంచితే తగ్గుతుంది. ఎంత చలి వేసినా కుంపటిని మాత్రం లోపలికి తేరాదు. దానినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవానికి అది తెలియనే తెలియదు.