మూత్రావయవములు – సిగ్గు వలని చేటు

కన్నులను గుఱించియు, కేశములను గుఱించియు గంటలకొలది ముచ్చటించుకొను మన స్త్రీలు మూత్రమను మాట వచ్చుసరికి కొంగు నోటికడ్డము పెట్టుకొందురు. ఈ విషయమును పత్రికకు వ్రాయుట సభ్యతగా నుండునా యని మేమును కొంత సందేహించితిమి. కాని మొన్నటి వేసవిలో మా బంధువులలో జరిగిన యొక సంగతి ఆ సందేహమును తీర్చినది.

ఆ యమ్మాయికి అయిదవ మాసము. దూరపు పెండ్లికి బస్సులో పయనము. దారిలో మరుగు దొరకదను భయమున తెల్లవారినది మొదలు గ్రుక్కెడు నీరైనను పుచ్చుకొనలేదు. పెండ్లివారింటను పదిమంది మగవారి యెదుట లేచి పోవుటకు సిగ్గుపడి సాయంకాలము వఱకు బిగబట్టుకొని కూర్చుండెను. "ఏమే తల్లీ, మొగము వాడినదేమి?" అని పెద్దమ్మ యడుగగా "ఎండ పెద్దమ్మా" అని తప్పించుకొనెను. మూడవనాడు చలిజ్వరము, వాంతులు, నడుమున నొక ప్రక్క పొడిచినట్లు నొప్పి. మలేరియా యనుకొని ఇంట కషాయము కాచిరి. వైద్యురాలు మూత్రమును పరీక్షింపజేసి, క్రిములు మూత్రపిండము వఱకు ఎగబ్రాకినవని చెప్పి, ఆసుపత్రిలో నుంచుకొని నరమునకు మందెక్కించెను. ఇంకను ఆలస్యమైనచో నెలలు నిండకయే కాన్పు వచ్చు ప్రమాద ముండెనట. దైవానుగ్రహమున తల్లియు బిడ్డయు దక్కిరి.

"నీళ్లు త్రాగకపోతే జ్వరమెందుకు రావలె వదినా?" అని ఆ పిల్ల తల్లి మమ్మడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము మన కడుపులోని నీటి త్రోవలో నున్నది.

వెన్నెముకకు రెండు ప్రక్కల, కడపటి ప్రక్కటెముకల చాటున, చిక్కుడు గింజ యాకారమున రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్కటి పిడికెడంత, తూకము 150 గ్రాములకు అటునిటు. ఇంత చిన్న యవయవములకు గుండె తాను పంపు రక్తములో ఇంచుమించు అయిదవ పాలు పంపుచున్నది. ఒక్కొక్క పిండమున సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు గలవు. వైద్యులు వీనిని నెఫ్రానులందురు. ప్రతి నెఫ్రాను మొదటను వెండ్రుక కంటె సన్నని రక్తనాళముల ముడి యొకటి యుండును. అందుండి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా మొదలగునవి వడిసి ప్రక్కనున్న గొట్టములోనికి దిగును. ఇట్లు దినమునకు దిగు నీరు సుమారు 180 లీటర్లు! అదంతయు వెలికి పోయినచో ఒక్క గడియలోనే రక్తములోని నీరంతయు హరించిపోవును. అట్లు జరుగకుండ ఆ గొట్టములు కావలసిన నీటిని, ఉప్పును, చక్కెరను మరల రక్తములోనికి తీసికొనుచున్నవి. మనము బియ్యము చెఱిగి రాళ్లను ఏఱి పారవేయుదుము. ఇచ్చటి పద్ధతి వేఱు. చేటలోనిదంతయు క్రుమ్మరించి మంచి గింజలను తిరిగి ఏఱుకొనుట వంటిది. కడకు మిగులునది ఒకటిన్నర లీటరు మాత్రమే. అదియే మూత్రము.

మనము నీరు త్రాగనినాడు మూత్రపిండములు మరింత పొదుపు చేయును. మూత్రము తగ్గి, చిక్కబడి, ముదురు పసుపు వన్నె దాల్చును. అట్టి చిక్కని మూత్రములోని లవణములు పేరుకొని రాళ్లగుటయు కలదు.

పిండముల నుండి దిగు రెండు నాళములు ఒక్కొక్కటి జానెడు కంటె కొంచెము పొడవు. వీనిలో మూత్రము ఊరక కాఱుట లేదు; నాళపు కండరములు అలలవలె ముడుచుకొనుచు దానిని క్రిందికి త్రోయును. గర్భవతులలో ఈ నాళములు సడలును. పెరుగుచున్న గర్భాశయము వానిని ఒత్తుటయు కలదు. అందుచే మూత్రము అచ్చటచ్చట నిలువయుండును. నిలువనీటిలో ఏమి పెరుగునో గృహిణులకు మేము చెప్పనక్కఱలేదు.

నాళములు చేరునది మూత్రాశయము. సుశ్రుతుడు దీనిని సొరకాయతో పోల్చెను. గొంతు వఱకు నీట ముంచిన క్రొత్త కుండలోనికి ప్రక్కలనుండి నీరూఱునట్లు ఇందు మూత్రము చేరునని ఆయన తలచెను. ఆ త్రోవ అట్టిది కాదని నేడు తెలిసినను, సొరకాయ పోలిక మాకు మిక్కిలి నచ్చినది. ఇందు 200 మిల్లీలీటర్లు చేరుసరికి మొదటి హెచ్చరిక కలుగును. 400, 500 నిండుసరికి ఓర్వరాదు. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ యధ్యాయము ఆపరాని వేగములను గూర్చినదే. అందలి 13 వేగములలో మూత్రవేగమునే మొదట పేర్కొనిరి. ఎన్నడో యొకనాడు కొంతసేపు ఓర్చుకొన్నంత మాత్రమున మునిగిపోయినది లేదు. అలవాటుగా బిగబట్టుటయే కీడు.

అసలు చిక్కు చివరి త్రోవలో నున్నది. పురుషులకు ఆ మార్గము సుమారు 20 సెంటీమీటర్లు. మనకు 4 మాత్రమే. పైగా మలద్వారము చేరువను కలదు. ప్రేగులలో హాని చేయని క్రిములు ఈ కుఱుచ దారిని తేలికగా లోనికి పోగలవు. మూత్రము ధారగా వెడలిన ప్రతిసారియు వానిని కడిగివేయును. నీరు త్రాగక, వేగమును ఆపుకొన్నచో కడుగుట యెక్కడిది? అనుకూలమైన చోట ఆ క్రిములు ఇంచుమించు గడియకొకసారి రెట్టింపగును. ఆ యమ్మాయికి గర్భముచే సడలిన నాళము కూడ తోడై, వానికి మేడమెట్ల వలె నుపకరించినది.

మంట, మాటిమాటికి కొంచెముగా పోవలెననిపించుట, పొత్తికడుపున నొప్పి తోచినపుడు వైద్యుని చూపించుకొనవలెను. బార్లీ నీటితో సరిపుచ్చుకొనువారు పలువురు. అందలి నీరు మేలు చేయునేకాని, పట్టుకొన్న క్రిములను చంపదు. మంట తగ్గినదని మందును నడుమ మానరాదు. శౌచము ముందునుండి వెనుకకు జరుపవలెనని ఆడపిల్లలకు ఊహ తెలిసినపుడే నేర్పవలెను. గర్భవతులలో ఏ బాధయు లేకుండగనే క్రిములుండవచ్చును గనుక మొదటిసారి చూపించుకొన్నపుడే మూత్రపరీక్ష చేయించుకొనుట మేలు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతకు మించి నీరు త్రాగరాదు.

ఆ పెండ్లివారింటనే ఈ మాఘమున మరల శుభకార్యము జరిగినది. ఈసారి ఆ యింటి యిల్లాలు వచ్చిన ఆడువారికందఱకు కాళ్లకు నీళ్లిచ్చి, చల్లని మంచినీరందించి, ఎవరును అడుగకముందే పెరటి త్రోవ చూపినది. పసిబిడ్డ నెత్తుకొని వచ్చిన మా యమ్మాయి రెండు లోటాల నీరు త్రాగినది.