నీటినీ నేలనూ చదివే చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ మన గోదావరి జిల్లాల ఇళ్ళలో పెళ్ళిచూపుల నాటికంటె ఎక్కువ హడావిడిగా ఉంటుంది. అబ్బాయిని ఇంజనీరింగులో చేర్చాలా, అమ్మాయిని ఫార్మసీకి పంపాలా అని మేనమామలూ, బాబాయిలూ వీధి అరుగు మీద చేరి తర్జన భర్జనలు పడతారు. ఈ మధ్య ఆ మాటల్లోకి ఒక కొత్త పేరు వచ్చి చేరింది: పర్యావరణ శాస్త్రం. "అది చదివితే ఏమవుతుందండీ, మాస్టారూ? మొక్కలు నాటిస్తారా ఏమిటి?" అని తండ్రులు నన్ను అడుగుతూ ఉంటారు.

తెలుగు చెప్పుకునేవాణ్ణి ఈ సంగతి అడగడమేమిటని చదువరులకు సందేహం కలగవచ్చు. కారణం లేకపోలేదు. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన వ్యాజ్యంలో, పర్యావరణం గురించి చదువుకునే వారందరికీ బోధించాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో ఆ మాటే మళ్ళీ గట్టిగా చెప్పిన మీదట, బి.ఏ. వారికీ బి.కాం. వారికీ కూడా ఒక పేపరు తప్పనిసరి అయింది. పేపరు వచ్చింది గాని దానికి తగిన పంతుళ్ళు అన్నిచోట్లా రాలేదు. ఖాళీ పీరియడు ఎవరికుంటే వారే చెప్పాలి. ఆ విధంగా పద్యాలు చెప్పే నావంటి వారికి మురుగునీటి పాఠం దక్కింది.

అయితే ఆ ఒక్క పేపరు వేరు. దీనినే ప్రధానంగా తీసుకుని డిగ్రీ చదవడం వేరు. మొదటిది హితబోధ వంటిది. రెండవది కష్టమైన శాస్త్రం. అందులో రసాయన శాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, భూగర్భ శాస్త్రం ఉంది, గణాంకాలు ఉన్నాయి, చివరకు చట్టాలు కూడా ఉన్నాయి. మొక్కలు నాటడం మంచి పనే. కాని ఎక్కడ ఏ మొక్క బతుకుతుందో, ఎందుకు బతకదో లెక్క కట్టి చెప్పడం ఈ చదువు.

దీనికి మన డెల్టాకు మించిన పాఠశాల దొరకదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడని పిల్లలందరికీ తెలుసు. కాని కాలువ నీరు తెస్తుంది, డ్రైను నీరు తీసుకుపోతుంది. రెండవది పూడిపోతే మొదటిదాని వల్ల ఒనగూడిన మేలు సగం పోతుందని ఎంతమంది గుర్తుంచుకుంటారు? 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు వారు చెప్పుకున్న బాధల్లో ముంపు కూడా ఒకటి.

మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక. కాబట్టి సముద్రతీర గ్రామాల్లో భూగర్భంలోని మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల మేర మంచినీరు నిలుస్తుందని శాస్త్రజ్ఞుల లెక్క. బోరులతో అతిగా తోడి పైన ఒక్క అడుగు తగ్గిస్తే, కాలక్రమాన కింద 40 అడుగులు పోగొట్టుకున్నట్లే. మన కొబ్బరితోటల బావులు ఉప్పనైపోవడం వెనుక ఇటువంటి లెక్కలు ఉంటాయి.

సముద్రానికి దగ్గర పల్లె నుంచి వచ్చిన విద్యార్థిని ఒకతె ఈ శాస్త్రం చదువుతూ నా తెలుగు తరగతికి వచ్చేది. వాళ్ళ నాన్న రెండెకరాలు రొయ్యల చెరువుకు లీజుకిచ్చాడు. ఆమె కాలేజీ ఫీజు ఆ లీజు డబ్బే. గట్టుకు అవతల పెదనాన్న వరిచేను. చేను గిడసబారుతోందని ఆయనా, తెగులని ఈయనా వాదులాడుకుని, పండుగకు కూడా మాటలు మానుకున్నారు. ఆ పిల్ల నీటిలో ఉప్పు ఎంతో చూపించే చిన్న మీటరు పట్టుకుని, పదిహేను రోజులకొకసారి చేనులోనూ, దూరపు బోరులోనూ, కాలువలోనూ కొలిచి పుస్తకంలో రాసింది. గట్టుకు దగ్గరయ్యే కొద్దీ ఉప్పు పెరిగింది; వానలు పడ్డాక తగ్గింది. లెక్క రసాయన శాస్త్రం మేడం గారి దగ్గర సరిచూసుకుని, నా దగ్గరకు మాటల కోసం వచ్చింది. 'విద్యుద్వాహకత' అంటే నాన్నకు తెలియదు గదా! 'ఉప్పదనం' అని రాయమన్నాను.

"నాన్నా, నా ఫీజు ఈ డబ్బే. అయినా లెక్క ఇలా ఉంది" అని ఇంట్లో చెప్పిందట. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. తరువాత లీజు తిరగరాసేటప్పుడు, చెరువు గట్టు వెంబడి ఊటనీరు పట్టే బోదె తవ్వితేనే సంతకం చేస్తానన్నాడు. లీజుదారు కొంత సొమ్ము తగ్గించాడు. బోదెతో చేను బాగుపడుతుందా అంటే, రెండేళ్ళు కొలిస్తే గాని చెప్పలేనని ఆ పిల్ల అంటుంది. ఆ జవాబు విన్నాక ఆమెకు చదువు అబ్బిందని నాకు నమ్మకం కుదిరింది.

ఇటువంటి పాఠాలు మన చుట్టూ ఎన్నో. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యం చేశారు. ఊపిరి వేళ్ళు పైకి పెట్టి ఉప్పు బురదలో బతికే ఆ చెట్లు అలల ఊపును తగ్గిస్తాయి, చేపపిల్లలకు పురిటిల్లు అవుతాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. పక్షి ముఖ్యమా, చెరువు మీద బతికే కుటుంబం ముఖ్యమా అన్న తగవులో శాస్త్రం తెలియనివారు ఏ పక్షం మాట్లాడినా సగమే మాట్లాడతారు. 1995 జనవరిలో పాశర్లపూడి చమురు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట చూసినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు.

ఇక ఉద్యోగం మాట. దాచిపెట్టి ప్రయోజనం లేదు: ఒక్క బి.ఎస్‌సి.తో పెద్ద ఉద్యోగం అరుదు. ఎం.ఎస్‌సి. వరకూ చదివించే ఓపిక ఇంటికి ఉండాలి. ఆపైన కాలుష్య నియంత్రణ మండలి, కర్మాగారాలు, భీమవరం వైపు నీటి పరీక్షలు చేసే ఆక్వా ల్యాబులు, కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ నివేదికలు రాసే సంస్థలు ఉన్నాయి. 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ జరిపే చోట ఆ నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. రైతుకు అర్థమయ్యే తెలుగులో అది రాయాలంటే శాస్త్రమూ రావాలి, చౌడు, ఒండ్రు, ఉప్పుటేరు, లంక అనే మాటలూ రావాలి. ఈ రెండూ వచ్చినవారు అరుదు. అందుచేత, తెలుగును నిర్లక్ష్యం చేయవద్దని ఈ విద్యార్థులకు మరీ మరీ చెబుతాను.

చేర్చే ముందు తల్లిదండ్రులు కళాశాలలో మూడు సంగతులు అడగాలి. ప్రయోగశాలలో పిల్లలు స్వయంగా పరీక్షలు చేస్తారా? ఏడాదికి నాలుగుసార్లయినా కాలువ గట్టుకో, కోరంగికో తీసుకువెళతారా? రసాయన శాస్త్రం గట్టిగా నేర్పుతారా? మూడింటికీ అవునంటే నిశ్చింతగా చేర్చండి. లేదంటే ముందు రసాయన శాస్త్రంలోనో, వృక్షశాస్త్రంలోనో డిగ్రీ చేయించి, ఎం.ఎస్‌సి.లో ఈ దారి పట్టించవచ్చు. ఆలస్యమైందని బెంగ అక్కరలేదు. మన డెల్టాలో కొలవవలసిన నీరు అప్పటికీ చాలానే ఉంటుంది.