ఉమ్మడి ఖర్చు - న్యాయమైన వాటా

ఊరందరికీ పనికొచ్చే బావి తవ్వుదామంటే అందరూ సరేనంటారు. చందా దగ్గరికి వచ్చేసరికి ‘పక్కవాళ్లు ఇస్తారులే’ అని ఎవరికి వారు ఆగిపోతారు. కంప్యూటర్ వ్యవస్థలను కలిసి నడుపుకునే చోటా ఇదే చిక్కు. ఎదుటివారు ఏం చేస్తారో ఊహించి మనుషులు తమ నిర్ణయం ఎలా తీసుకుంటారో లెక్కగట్టే శాస్త్రమే గేమ్ థియరీ. ఈ చిక్కుకు అది చూపే దారిని దాతల ముందు ఉంచుతున్నాం.

ఇంటర్నెట్‌లో మన సమాచారం పరుల పాలు కాకుండా కాపాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ను పెద్ద పెద్ద కంపెనీలెన్నో ఉచితంగా వాడుకునేవి. దాన్ని చూసుకునేవారికి ఏడాదికి అందే విరాళాలు మాత్రం సుమారు 2 వేల డాలర్లు. 2014 ఏప్రిల్‌లో అందులో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడి లోకమంతా కంగారు పడింది. ఆ నెలలోనే లైనక్స్ ఫౌండేషన్ ఉమ్మడి నిధిని ప్రారంభించింది. గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటి కంపెనీలు తలా ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున కనీసం మూడేళ్లు ఇస్తామన్నాయి. డబ్బు లేక కాదు, పంచుకునే ఏర్పాటు లేక వచ్చిన కష్టమది.

మరి ఎవరి వాటా ఎంత? దీనికి 1953లో లాయిడ్ షాప్లీ ఒక సూత్రం చెప్పారు. ఆయనకు 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మూడు సంస్థలకు సర్వర్లు కావాలనుకుందాం. విడివిడిగా కొంటే చిన్నదానికి 3 లక్షలు, మధ్యదానికి 7, పెద్దదానికి 12. మొత్తం 22 లక్షలు. పెద్ద సర్వరే మూడింటికీ సరిపోతే ఖర్చు 12 లక్షలే. సమానంగా పంచితే తలా 4 లక్షలు. 3 లక్షలతో పని జరిగే చిన్న సంస్థ తప్పుకుంటుంది. షాప్లీ లెక్కలో మొదటి 3 లక్షలు మూడింటిపై, తర్వాతి 4 లక్షలు అవి అవసరమైన రెండింటిపై, చివరి 5 లక్షలు పెద్దదానిపై పడతాయి. వాటాలు 1, 3, 8 లక్షలు. చిన్నదానికి 2 లక్షలు, మిగతా రెండింటికీ చెరి 4 లక్షలు మిగులుతాయి. ఎవరికీ నష్టం లేదు గనుక ఎవరూ తప్పుకోరు.

వాటా తేలితే చాలదు, పాలన కూడా సరిగా ఉండాలి. వాటాల లెక్క కొనుగోలుకు ముందే రాసుకోవాలి. అందరూ ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాలి. కుదరకపోతే సొమ్ము వాపసు ఇవ్వాలి. ఏటా లెక్క చూపి, వాడకం మారితే వాటా మార్చాలి.

కంప్యూటర్ల కోసం ఏ సంస్థ చందా అడిగినా, ‘పక్క సంస్థతో కలిసి చేయవచ్చా? వాటాలెలా వేశారు?’ అని అడగాలని దాతలకు మా మనవి. పై ఉదాహరణలో మిగిలిన 10 లక్షలు ఎందరో పిల్లల ఫీజులకు, రోగుల మందులకు అక్కరకొస్తాయి.