మద్యం మానిన తొలి అయిదు రోజులు

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపే ఒంట్లో కలవరం మొదలవుతుంది. చేతులు చాపి వేళ్లు విడదీయమని ఆసుపత్రిలో అడిగేది అందుకే. కంటికి ఆనని వణుకు కూడా అతని వేలికొసలను తాకితే తెలిసిపోతుంది. మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థకు మద్యం ఇన్నాళ్లూ ఊతమిచ్చింది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తనను ఉద్రేకపరిచే గ్లూటమేట్ వ్యవస్థను పెంచుకుంది. ఊతం తీసేస్తే మిగిలేది ఉద్రేకమే. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి సంధి పుడుతుంది, లేనివి కనిపిస్తాయి, ప్రాణమే పోవచ్చు. కాబట్టి ఆక్యుపంక్చర్, యోగా, మూలికల వంటివి పనిచేస్తాయా అని అడిగితే చాలదు. ఎన్నో రోజున అని కూడా అడగాలి.

చెవికి అయిదు సూదులు గుచ్చే పద్ధతి 1970లలో న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రి నుంచి వ్యాపించింది. 80 మంది మద్యపాన బానిసలపై జరిపిన ఒక పరిశోధన 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చి ఆశలు రేపింది. అదే పరిశోధక బృందం 2002లో 503 మందిపై పరీక్షిస్తే, ఉత్తుత్తి సూదులకూ అసలు సూదులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. యోగా సంగతి కాస్త మెరుగు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 60 మందిపై చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, సుదర్శన క్రియ అనే శ్వాస సాధన నేర్చుకున్న సగం మందికి మిగతావారికన్నా దిగులూ, ఒత్తిడి హార్మోన్లూ ఎక్కువగా తగ్గాయి. కానీ వాళ్లందరికీ క్రియ మొదలుపెట్టింది వారం రోజుల ఆసుపత్రి చికిత్స పూర్తయ్యాకే. యోగాను మెచ్చుకునేవారు సాధారణంగా ఈ ముక్క చెప్పరు. మొదటి గంట నుంచే ఇవ్వాల్సిన అనుబంధ చికిత్స ఒకటుంది, అదీ ఏ ఆకర్షణా లేని బి1 విటమిన్. తాగుడు వల్ల పేగులు దాన్ని సరిగా పీల్చుకోలేవు కాబట్టి ఇంజెక్షన్‌గా ఇస్తారు. నీరసం పోతుందని మన ఊళ్లలో ముందుగా గ్లూకోజు సీసా ఎక్కిస్తుంటారు. బి1 ఇవ్వకుండా అది ఎక్కిస్తే చూపు తడబడి, నడక తూలి, మతి చెదిరే వెర్నికె జబ్బు ముదిరే ప్రమాదముంది.

డయజెపాం, క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్రలతో ఆసుపత్రిలో మెదడు ఉద్రేకాన్ని అణచుతారు. అవీ అలవాటయ్యేవే కదా, ఒక మత్తు బదులు ఇంకో మత్తా అని కొందరి అభ్యంతరం. తెలంగాణలో కల్తీకల్లు దొరక్క ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరినవాళ్లను చూస్తే ఆ భయం అర్థమవుతుంది. ఆ కల్తీలో కలిపేదీ డయజెపాం, అల్ప్రాజొలాం లాంటివే. అయితే కల్లులో ఎంత కలిపారో తాగేవాడికి తెలియదు, ఎప్పుడు ఆపాలో చెప్పేవాడూ ఉండడు. ఆసుపత్రిలో డాక్టరు వణుకు తీవ్రతను బట్టి మోతాదు నిర్ణయించి, సాధారణంగా వారం పదిరోజుల్లో తగ్గించి ఆపేస్తాడు. చాలామందికి ఏ మందూ లేకుండానే వణుకు సర్దుకుంటుందన్న మాటా అబద్ధం కాదు. అది ఎవరికి సర్దుకుంటుందో మొదటి రాత్రి తేల్చడమే కష్టం. మాని మళ్లీ తాగి మళ్లీ మానే కొద్దీ ఫిట్స్ ముప్పు పెరుగుతుంది కాబట్టి, పోయినసారి ఇంట్లోనే గట్టెక్కాడన్నది ఈసారికి హామీ కాదు.